సుంకం లేకుండా పోయిన సొరబుర్ర

సుక్మా బస్టాండు వెనక వీధిలో వినీత ఇంటి వరండా. ముసురు పట్టిన మధ్యాహ్నం. ఎండిన సొరబుర్రల మీద కాల్చిన చువ్వతో బొమ్మలు గీసే ఆడవాళ్ల గుంపుకు పెద్ద బుధ్రి. కబురందుకుని కొంటా దగ్గరి తన ఊరి నుంచి వచ్చింది. కుర్చీ వేసినా గడప పక్కనే కూర్చుంది. ఆ బుర్రల్ని జర్మనీకి పంపే వినీత తన ఫోన్‌లో ఒక ఫొటో చూపించి, అడిగిందే మళ్లీ అడుగుతోంది.

"ఇంకోసారి చూడు అక్కా. కళ్లద్దాలు ఇవ్వనా?"

"కళ్లు మంచిగనే ఉన్నయ్."

"మరి కనబడిందా?"

"కనబడ్డది. బుర్ర."

"బుర్రని నాకూ తెలుసు. ఎవరిదని అడుగుతున్నా."

"బుర్రలన్నీ ఒక్క తీరుగనే ఉంటయ్ వినీతమ్మా. పాదుకు కాస్తయ్, ఎండుతయ్."

"ఒక్క తీరుగా ఉంటే ఈ వానలో నిన్నెందుకు పిలిపిస్తాను? మిగతా వాటి మీద నెమళ్లున్నాయి, చేపలున్నాయి, డోలు కొట్టేవాళ్లున్నారు. దీని మీద ఒక్క గీత లేదు. పొగకు నల్లబడిపోయింది. మూతి మైనంతో మూసేసి ఉంది. ఊపితే లోపల ఏదో గలగలమంటోందట."

"ఎవరూపిండ్రు?"

"అక్కడి కస్టమ్స్ వాళ్లు."

"ఊపొద్దని చెప్పు."

"ఏం?"

"ఊరకనే. పరాయి సామాను ఊపుతరా ఎవరన్నా."

"టీ తాగు, చల్లారిపోతోంది. విను, నీకు మొదటినుంచీ చెప్తాను. మన సరుకు ఆ దేశంలో దిగితే పన్ను వెయ్యాలి. కాకపోతే మనలాంటి బీద దేశాల నుంచి వచ్చిందైతే ఆ పన్ను తీసేస్తారు. వాళ్ల నియమం అది. ఆ మాఫీ ఉంది కాబట్టే జర్మనీ ఆయన మన దగ్గర కొంటున్నాడు. లేకపోతే మిషన్ మీద చేసినవి ఇంకెక్కడో కొనుక్కుంటాడు."

"మనం బీదోళ్లమని వాళ్లకెట్ల ఎరుక?"

"నేనే రాసి సంతకం పెట్టాను."

"దానికి సంతకం గూడ కావాల్నా? మా ఇంటికొచ్చి చూస్తే సరిపాయె."

"బీదవాళ్లమని కాదులే. సరుకు ఇక్కడిదేనని. ఈ మట్టిలో కాసిన కాయ, మీ చేతుల్లో తయారైన బొమ్మ, అమ్మడానికే చేసింది, అని. ఇప్పుడు ఒక గోనె బోరా విప్పితే ఇది బయటపడింది. ఇది అమ్మకానికి చేసినదిలా లేదు, ఎవరో వాడుకున్నది, ఎవరు చేశారు, మూతి ఎందుకు మూశారు అని అడుగుతున్నారు. సోమవారంలోగా జవాబు రాయకపోతే మొత్తం సరుకుకే మాఫీ తీసేస్తారు. పన్ను పడితే ఆయన సరుకు వద్దంటాడు. అప్పుడు మీ గుంపులో ఎవరికీ పని ఉండదు. నా సంగతంటావా, ఈ పని మొదలుపెట్టిన రోజునుంచీ మా ఆయన 'నేను ముందే చెప్పానా' అనడానికి ఎదురుచూస్తున్నాడు. పాపం, ఆయన కోరికొక్కటి తీరుతుంది."

"బీదోళ్ల సరుకని పన్ను తీసేసిండ్రు. బీదోళ్లింటి బుర్ర అగుపడంగనే అనుమానమొచ్చిందా?"

"ఆ మాట నువ్వెళ్లి వాళ్లతో అంటే బాగుంటుంది. నేనైతే అనలేను."

"పాతకాలపు సామాను అని రాయి. పట్నమోళ్లకు పాతవంటే ఇష్టం గద."

"పాతదంటే దానికి వేరే నియమాలు. ఎప్పటిది, ఎలా వచ్చింది, ప్రభుత్వాన్ని అడిగారా అంటారు. అడిగినవాటికే జవాబు లేక చస్తున్నాను."

"అయితే పారేసిన బుర్ర, కలిసిపోయిందని రాయి."

"రాస్తాను. అప్పుడు వాళ్లు దాన్ని కాల్చేస్తారు."

"కాలుస్తరా?"

"లోపల గింజలున్నాయని అనుమానం. బయటి దేశపు గింజలంటే వాళ్లకు భయం, పురుగొస్తుందని. ఎవరిదీ కాదంటే ఇక అడిగేదేముంది, పొయ్యిలో పడేస్తారు."

"రాయకు."

"పారేసిందన్నావుగా?"

"రాయకమ్మా. కాల్చద్దు."

"అంటే పారేసింది కాదు."

"వాన తగ్గేటట్టు లేదు. కొంటా బస్సు ఎన్నింటికి?"

"బస్సుకు టైముంది. నా మొహం చూడు అక్కా. ఎవరిదిది?"

"మా ఇంటిదే."

"హమ్మయ్య. ఇంట్లో ఎవరిది?"

"ఎవరిదైతేంది."

"ఎవరిదైతేంటో రాయాలి."

"మా అత్తది."

"ఆవిడ పోయి చాలా కాలమైంది కదా."

"పోయింది. బుర్రల ఉన్నది."

"బుర్రలో ఉండటమేంటి?"

"మా ఇండ్లల్ల అంతే. మనిషికో బుర్ర ఉంటది. జావ పోసుకొని చేనుకు పోతం. బతికినన్నాళ్లు దాని మూతికి ఆకు చుట్టి పెడతం, మూత పెట్టం. మనిషి పోతే అండ్ల నాలుగు కొత్త వడ్లు ఏసి, పేరు పెట్టి పిలిచి, అప్పుడు మైనంతోని మూస్తం. మూత పెట్టినమంటే ఆ మనిషి బయట లేనట్టు, అండ్ల ఉన్నట్టు. లోపలర్రల గాదె మీద ఏలాడగడతం. మాపటేళ దాని కింద నీళ్లు పోస్తం."

"ఎన్నాళ్లు?"

"పెద్దల పండగ చేసిందాక. చేస్తే పాత పెద్దలల్ల కలుస్తది. చెయ్యాలంటే కులపోళ్లందర్ని పిలవాలె, అందరికి పెట్టాలె. మాకు అన్ని పైసల్లేకపాయె. అప్పటిదాక ఇంట్ల మనిషే."

"అంటే మీ అత్తగారిని నేను జర్మనీ పంపించానన్నమాట."

"పంపినవ్. పన్ను లేకుండ."

"నాకు నవ్వు రావడం లేదు అక్కా."

"నాకు గూడ రాలే. బతికినన్నాళ్లు ఆమె కొంటా సంత దాటలే. సంతల కూసుంటే పన్ను అడుగుతరని రోడ్డవతల కూసొని అమ్ముకొచ్చేది."

"ఒకటి చెప్పనా? ఎండాకాలంలో మీ బోరాలు లారీ దొరక్క మా వెనక గదిలో ఉన్నాయి. ఆ రోజుల్లో మా చిన్నవాడు ఆ పక్క గదిలో పడుకోనని ఒకటే ఏడుపు. తలుపు గొళ్లెం నేనే వేసేదాన్ని, పొద్దున చూస్తే తీసి ఉండేది. మా ఆయన నాదే మతిమరుపన్నాడు. మంచినీళ్ల కుండ చుట్టూ నేల తడిగా ఉండేది. కుండ చెమర్చిందనుకున్నాను."

"నీళ్లు తాగిండా?"

"ఎవరు?"

"మీ చిన్నోడు. ఏడ్చి ఏడ్చి నీళ్లు తాగిండా అని."

"వాడి సంగతి కాదు నేను చెప్పేది."

"ఎండలల్ల పిల్లలకు నీళ్లు బాగ తాపాలె వినీతమ్మా."

"మాట తప్పించకు. మూత పెట్టిన బుర్ర బోరాలోకి ఎలా వచ్చింది?"

"నేను తునికాకు తెంపబోయిన. సరుకుకు నీ బండి వచ్చింది. ఇంటికాడ కోడలు సుమిత్ర ఒక్కతే ఉన్నది. అరుగు మీద ఆరేసినయన్నీ బోరాలల్ల ఏసింది. ఇది గూడ పడ్డది."

"గాదె మీద వేలాడాల్సింది అరుగు మీదకెందుకొచ్చింది?"

"తాడు పుచ్చింది. కొత్త తాడు పేనుదామని దించిన."

"దించి, అమ్మే బుర్రల్లో పెట్టావా?"

"వాటి పక్కన. బుట్ట బోర్లేసి, దాని కింద. అగుపడకుండ."

"ఎవరికి అగుపడకుండా?"

"పిల్లులకు."

"సొరబుర్రను పిల్లులేం చేస్తాయి?"

"మీ సుక్మా పిల్లులు ఏం జెయ్యవేమో."

"ఊళ్లో ఇంకెవరికైనా తెలుసా?"

"ఎవరికి ఎరుకలే. పడవ సీతయ్యకు ఒక్కనికే."

"పడవాయనకు మీ అత్త బుర్రతో ఏం పని?"

"ఏటవతల మైనం మంచిది దొరుకుతది. తెచ్చిచ్చిండు."

"మీ అత్త పోయినప్పటి మైనం ఇప్పుడు తెచ్చిచ్చాడా?"

"పగిలితే మళ్ల పెట్టిన. ఎన్నడుగుతవమ్మా, వకీలు లెక్క."

"అడగకపోతే నా సంతకం అబద్ధమవుతుంది కాబట్టి. సుమిత్రేది? నీతో వచ్చిందిగా, ఆ పిల్లనడుగుదాం."

"ఆమెనడగకు. ఆమెకేం తెల్వదు. దుకాణంకు పోయింది, రీచార్జికి."

"నీ ఫోన్‌కా?"

"భీమా ఫోన్‌కు. మొగుని నంబరు బంద్ కావద్దని నెలనెల ఏపిస్తది."

"అవునూ, మీ భీమా ఇంకా రాలేదా? పోయినేడు వానల ముందు బోరాలు వాడే బండి మీద తెచ్చాడు. ఆ తర్వాత నేను వాడి మొహం చూడలేదు."

"పత్తి పనికి పోయిండు. శబరి ఏటవతలకు. పత్తి అయితే మిరప, మిరప అయితే మళ్ల పత్తి."

"మధ్యలో ఒకసారైనా రాడా?"

"పనిచ్చినోళ్లు ఇడిచిపెడితే గద."

"ఫోన్ చేస్తాడా?"

"సిగ్నలుండదు."

"అక్కడా, మీ దగ్గరా?"

"ఎవరికో ఒకరికి ఉండదు."

"మరి ఆ పిల్ల రీచార్జి ఎందుకు చేయిస్తోంది?"

"దాని ఇష్టం. నడిరేయి లేచి తలుపు తీస్తది, అదీ దాని ఇష్టమే. ఏందే అంటే కుక్క అరిచింది అత్తా అంటది. మాకు కుక్క లేదు."

"అక్కా."

"ఏంది?"

"ఇంకొకటుంది. చెప్పాలా వద్దా అని ఇందాకటినుంచి చూస్తున్నా. జర్మనీ ఆయన ఉత్తరం చివర సరదాగా రాశాడు. కస్టమ్స్ గోడౌన్‌లో దీన్ని విడిగా ఒక అరలో పెట్టారట. పొద్దున వచ్చి చూస్తే కింద, తలుపు దగ్గర ఉంటోందట. మళ్లీ అరలో పెడితే మళ్లీ తలుపు దగ్గరే. నేల వాలుగా ఉందేమో, మీ బుర్రలకు అడుగు సమంగా చెయ్యమనండి అని రాశాడు."

"పగిలిందా?"

"లేదట."

"పగలదు. మునగదు గూడ."

"మునగడమెందుకు?"

"బుర్ర గద. ఏట్ల తేలుతది. మనిషి మునిగినా అది తేలుకుంట ఒడ్డుకొస్తది."

"మీ అత్త ఏట్లో పోయిందా? జ్వరమన్నావు అప్పట్లో."

"జ్వరమే. మాటకన్న. ఆ తలుపు ఏ దిక్కున్నదంట?"

"నాకెలా తెలుస్తుంది?"

"అడుగు. ఏరు ఉన్నదా దాని పక్కన?"

"ఓడలు వచ్చి ఆగే ఊరు అక్కా. పెద్ద నది ఉంటుంది. గోడౌన్లు దాని ఒడ్డునే ఉంటాయి."

"ఏటొడ్డున పెట్టిండ్రా? పోయి పోయి ఏటొడ్డున పెట్టిండ్రా."

"ఏమైంది?"

"నీళ్లకు దూరం పెట్టమను. ఈతొచ్చు, అయినా గానీ దూరం పెట్టమను."

"ఎవరికొచ్చు ఈత? మీ అత్తకా?"

"మా ఊళ్ల అందరికొచ్చు."

"గ్లాసు ఇటివ్వు. కొంగు కప్పుకుంటున్నావేం?"

"చలి."

"జూలైలోనా?"

"తడిసిన గద. వినీతమ్మా, అది మళ్ల వచ్చే దారి లేదా? సరుకు సంగతి ఎట్లన్నా కానియ్. నాకు అది కావాలె."

"ఉంది. ఉన్నదున్నట్టు రాయడమే. ఇది అమ్మే వస్తువు కాదు, పోయిన మనిషి గుర్తు, పొరపాటున సరుకులో కలిసింది, దయచేసి వెనక్కి పంపండి, అని. అప్పుడు దీన్ని వేరు చేసి, మిగతా సరుకు మాఫీతో వదిలేస్తారు. మీ గుంపు పనీ నిలబడుతుంది, నీ బుర్రా వస్తుంది."

"అట్లనే రాయి మరి."

"వచ్చేటప్పుడు ఇంకో చిక్కుంది. పోయేటప్పుడు పన్ను లేదు కానీ, వచ్చేటప్పుడు మన వాళ్లు అడుగుతారు. బయటినుంచి వస్తే విదేశీ సరుకు కింద లెక్క."

"మా ఇంటి మనిషి మా ఇంటికొస్తే విదేశీ సరుకా?"

"ఇక్కడినుంచే పోయిందని చూపిస్తే అడగరు. రెండు చోట్లా ఒకటే కాగితం చాలు. ఎవరి గుర్తు, ఏ ఊరు, ఎప్పుడు పోయారు. పంచాయతీ వాళ్ల ముద్ర. కింద నీ వేలిముద్ర."

"పంచాయతీల గూడ చెప్పాల్నా?"

"చెప్పాలి."

"పేరు లేకుంట కాదా?"

"పేరు లేని మనిషిని ఎవరు పంపుతారు అక్కా?"

"మా అత్త పేరే రాయి. ఉంగి. మడకం ఉంగి."

"మడకం ఉంగి. ఎప్పుడు పోయింది?"

"పోయినేడు వానలల్ల."

"అక్కా, మీ అత్త పోయినప్పుడు నేను మీ ఊరొచ్చాను. అప్పుడు మా చిన్నవాడు కడుపులో ఉన్నాడు. వాడిప్పుడు బడికి పోతున్నాడు."

"ఎరుకున్నదానివి నువ్వే రాసుకో. నన్నెందుకడుగుతవ్?"

"తప్పు రాస్తే పంచాయతీలో దొరికిపోతాం. వాళ్ల దగ్గర ఆవిడ పేరు ఎప్పుడో కొట్టేసి ఉంటుంది. నిజం చెప్పు. నువ్వు చెప్పింది నా నోటినుంచి బయటికి రాదు."

"నీ నోట్లెకెల్లి రాకున్నా కాగితంల ఉంటది గద."

తడిసిన గొడుగు మూస్తూ బుధ్రి కోడలు సుమిత్ర మెట్లెక్కింది.

"రీచార్జి అయింది అత్తా. నెల దాక బంద్ కాదు."

"మంచిగైంది. నడు, బస్సు టైమైంది."

"కూర్చో సుమిత్రా, టీ ఉంది. మీ ముసలవ్వ బుర్ర సంగతే మాట్లాడుకుంటున్నాం."

"ఇయ్యన్ని ఆ పిల్లకెందుకమ్మా."

"ముసలవ్వ బుర్రకేమైంది మేడం?"

"మా సరుకులో కలిసి జర్మనీ పోయింది. బోరాలు నింపింది నువ్వేనట కదా. నిన్నేం అనడం లేదు, తెలియక జరిగింది."

"ముసలవ్వ బుర్ర ఇంట్లనే ఉన్నది. పొద్దుగాల దాని కింద నీళ్లు పోసే వచ్చిన."

"ఇంట్లో ఉందా?"

"గాదె మీద."

"తాడు పుచ్చిందని దించారటగా?"

"తాడుకేమైంది, మంచిగనే ఉన్నది."

"అక్కా. మరి ఈ ఫొటోలోది ఎవరిది?"

"ఫోను లోపల పెట్టు వినీతమ్మా. ఆమెకు చూపియ్యకు. నీ కాళ్లు మొక్కుత."

"ఇటియ్యండి మేడం."

"సుమిత్రా, వద్దన్న."

"చూడనియ్యి అత్తా."

"అండ్ల చూసేదేమున్నది. బుర్ర."

"మూతి కాడ కాలింది. పొయ్యి పక్కన పెడితే అంటుకున్నది. నేనే ఆర్పిన, మా పెళ్లైన ఏడు."

"అసొంటియి మస్తుగుంటయ్."

"ఉంటయ్ అత్తా."

"ఎవరిదో ఏమో, మనకేం ఎరుక. నీ మొగుడు పత్తి పనికి పోయిండు. పండగకొస్తడు."

"మేడం, కాగితంల ఏం రాయాలె?"

"పోయిన మనిషి పేరు. ఊరు. ఎప్పుడు పోయారో."

"రాస్తే ఇంటికొస్తదా?"

"వస్తుంది."

"రాయకుంటే?"

"కాల్చేస్తారు సుమిత్రా."

"అయితే రాయండి. మడకం భీమా."

"నోర్ముయ్. మొగుని పేరెత్తుతవా? ఆ పేరు కాగితంల పడితే కులపోళ్లు రేపే వస్తరు. నీ గాజులు తీసి పుట్టింటికి తోల్తరు. నేనొక్కదాన్నే ఆ ఇంట్ల ఏంజెయ్యాలె? అందుకే గద, వాడు ఏట్ల మునిగి, సీతయ్య వాని బుర్ర తెచ్చిచ్చినంక నీకు అగుపడనియ్యలే. నేనే ఒడ్డుకు పోయి పిలుచుకొచ్చిన, నేనే మూత పెట్టిన. నిన్ను మోసం జేసిన గానీ నువ్వేం జెయ్యలే పిల్లా. నువ్వు తెల్వక బోరాల ఏసినవ్."

"తెల్వక ఎయ్యలే అత్తా. మూత చూసినంకనే ఏసిన. అది ఇంట్ల ఏలాడితే నన్ను ఇంట్ల ఉండనియ్యరు గద."